దీని ల్యాంప్‌రూం ఎక్కడ?

మా బాపు సింగరేణిలో మైనింగ్ సర్దారు. కమాన్‌పూర్‌లో ఇల్లు, గోదావరిఖని దిక్కు డ్యూటీ. గని అనే మాట మేం పేపర్లో చదివేవాళ్లం, నోటికి వచ్చేది మాత్రం బాయే. మొదటి షిఫ్టు ఉన్న వారం బాపు చీకటితోనే సైకిలు బయటికి తీసేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సెలవునాడు నన్ను వెంట తీసుకుపోయాడు. పిల్లల్ని లోపలికి దించరు కాబట్టి ఆ రోజు నేను చూసింది ల్యాంప్‌రూం ఒక్కటే.

గోడల పొడుగునా ఇనుప ర్యాకులు. వాటిలో వరుసగా ఛార్జింగ్‌కు పెట్టిన క్యాప్‌ల్యాంపులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. కార్మికుడు టోకెను ఇచ్చి తన దీపం తీసుకుంటాడు, షిఫ్టు దిగాక దీపం ఇచ్చి టోకెను తీసుకుంటాడు. ర్యాకులో ఒక గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క.

బాపుకు క్యాప్‌ల్యాంపుతో పాటు ఇంకో దీపం ఉండేది. ఇత్తడి అడుగు, మధ్యలో మందపాటి గాజు, పైన సన్నటి జాలీ, తగిలించుకోవడానికి కొక్కెం. గ్యాసు చూసే దీపం. నేను దాని అడుగు పట్టుకుని తిప్పబోయాను. కదల్లేదు.

“అది చేతితోటి రాదు బిడ్డా. తాళం ఉంటది,” అన్నాడు బాపు.

తాళంచెవి ఏదని అడిగాను. ల్యాంప్‌రూంలో పనిచేసే కాక నవ్వి, దీపాన్ని బల్ల మీదున్న పెద్ద అయస్కాంతం మీద కూర్చోబెట్టాడు. లోపల ఏదో టక్కుమని కదిలింది. అడుగు ఊడి ఆయన చేతికొచ్చింది.

తాళం ఎందుకో బాపు ఇంటికి వచ్చే దారిపొడుగునా చెప్పాడు. బొగ్గులోంచి మీథేన్ ఊరుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. మంట చుట్టూ జాలీ ఉంటే వేడిని జాలీ పీల్చేసుకుంటుంది, బయటి గ్యాసుకు అంటనియ్యదు. గ్యాసు ఉంటే మాత్రం మంట నెత్తిన లేత నీలం టోపీ లేస్తుంది. ఆ టోపీ ఎత్తు చూసి గ్యాసు ఎంత ఉందో సర్దారు చెప్పాలి. 1815లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ చేసిన దీపం వంశమే ఇది. బీడీ ముట్టించుకోవడానికి లోపల ఎవరైనా దీన్ని విప్పితే, విప్పినవాడు ఒక్కడే పోడు.

“అంటే నీ మీద నమ్మకం లేకనా బాపూ?”

“నా మీద గాదు బిడ్డా, గ్యాసు మీద నమ్మకం లేక. పైకొచ్చినంక ల్యాంప్‌రూంల మా ముంగటనే ఇప్పుతరు గదా. తుడుస్తరు, ఒత్తి సూస్తరు, మల్ల బిగిస్తరు.”

తాళం గురించి నాకు వచ్చిన మొదటి చదువు అది.

కంప్యూటర్ల చదువు ఇంజినీరింగ్‌లో మొదలైంది. 2007లో మా కాలేజీకి ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లు వచ్చి రెండు రోజులు వర్క్‌షాప్ పెట్టారు. హైదరాబాద్ కేంద్రంగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసేవాళ్లు. తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారు చేసి సీడీల్లో పంచుతున్నారు. ఇక్కడ ఫ్రీ అంటే పైసలు లేకుండా అని కాదు, స్వేచ్ఛ అని, అందుకే తమ సంస్థకు ఆ పేరని మొదటే చెప్పారు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, లోపల ఎట్లా పనిచేస్తుందో చదివి మార్చుకునే స్వేచ్ఛ, నలుగురికీ పంచే స్వేచ్ఛ, మార్చినదాన్ని మళ్లీ పంచే స్వేచ్ఛ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ పని మొదలుపెట్టిన కథ కూడా చెప్పారు. ఆ రోజు తెర మీద మెనూలు తెలుగులో చూసినప్పుడు నా గొంతులో ఏదో అడ్డుపడింది. మా అవ్వ చదవగలిగే కంప్యూటర్ అది.

2011లో కమాన్‌పూర్ రోడ్డు మీద చిన్న షాపు పెట్టాను. జిరాక్స్, నెట్, రీచార్జ్, కంప్యూటర్ రిపేర్. ఆదివరాహస్వామి గుడికి వచ్చేవాళ్లు, పట్టా కాగితాలు జిరాక్స్ తీసుకునేవాళ్లు, పరీక్ష ఫీజులు కట్టే పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్లతోపాటు గోదావరిఖనిలో ఆఫీసులు తీసేసిన పాత డెస్క్‌టాపులు కూడా నా దగ్గరికి చేరేవి. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం 4 డబ్బాలు. వాటిలో సీడీ పెట్టి, బూట్ ఆర్డర్ మార్చి, లినక్స్ ఎక్కించేవాణ్ణి. నాలుగైదు ఏళ్లలో ఇరవై దాకా అట్లా లేపాను. ట్యూషన్ చెప్పే సారుకు ఒకటి, టైపింగ్ నేర్చుకునే అక్కకు ఒకటి. అప్పుడు నేను గమనించని సంగతి ఒకటుంది. ఆ డబ్బాల్లో ఒక్కటి కూడా నన్ను నువ్వెవరివని అడగలేదు. సీడీలో ఏముంటే అది నడిపింది. కంప్యూటర్ అంటే అట్లాగే ఉంటుందని నేను అనుకున్నాను.

పల్లెల్లో కూడా కేబుల్ టీవీ డిజిటల్ కావాలని కేంద్రం పెట్టిన గడువు 2017 మార్చి 31. దాంతో మా వాడకట్టులో ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. బాక్సు నీదే అని చెప్పి పైసలు తీసుకున్నారు. రెండేళ్లు కాకముందే చాలామంది కనెక్షన్ మార్చుకున్నారు. కొత్తవాళ్ల దగ్గర పాత బాక్సు పనిచేయదు, మళ్లీ వాళ్ల బాక్సే కొనాలి. నా షాపు మూలన పాత బాక్సుల కుప్ప పడింది.

ఒక రాత్రి ఒకదాన్ని టీవీకి పెట్టి మెనూ తిప్పుతుంటే చివర్లో లైసెన్స్ అనే పేజీ తగిలింది. తెరిచి చూస్తే అది నాకు బాగా తెలిసిన పాఠం. గ్నూ వాళ్ల లైసెన్స్ జీపీఎల్, రెండో వెర్షన్. అంటే ఆ బాక్సు లోపల ఉన్నది లినక్స్. కాలేజీలో మాకు సీడీలో పంచిపెట్టిన అదే లినక్స్! ఆనందంతో మూత విప్పాను. బోర్డు అంచున నాలుగు పిన్నులు కనబడ్డాయి. సీరియల్ కేబుల్ సోల్డర్ చేసి ల్యాప్‌టాప్‌కు కలిపి, స్పీడు 115200 పెట్టి స్విచ్ వేశాను. తెల్లటి అక్షరాలు జలజలా కిందికి పారాయి. లినక్స్ లేస్తోంది. ఇక దీన్ని చిన్న కంప్యూటర్ చేయొచ్చు, పిల్లలకు పాఠాలు చూపించొచ్చు అని ఆ అర్ధరాత్రే లెక్కలు వేసుకున్నాను.

వారం రోజులు కుస్తీ పట్టాను. నేను మార్చిన లినక్స్‌ను ఎక్కించిన ప్రతిసారీ బాక్సు రెండు లైన్లు రాసి ఆగిపోయేది. సంతకం సరిపోలేదు, అని. తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును ఆ చిప్పు నడపదు. సంతకాన్ని పోల్చుకునే గుర్తును ఫ్యాక్టరీలోనే చిప్పులో కాల్చేస్తారు, దాన్ని చెరపడం ఎవరి తరం కాదు.

దీనికి పాత చరిత్ర ఉందని అప్పుడు చదివి తెలుసుకున్నాను. 1999లో అమెరికాలో టీవో అనే టీవీ రికార్డర్ వచ్చింది. లోపల లినక్స్. లైసెన్స్ ప్రకారం సోర్స్ కోడ్ ఇచ్చారు, కానీ మార్చిన కోడ్‌ను పెట్టె ఒప్పుకోదు. పుస్తకం ఇచ్చి, చదివినట్టు చేయనివ్వకపోవడం. ఈ పద్ధతికి ఆ పెట్టె పేరే పెట్టి, దాన్ని ఆపడానికి 2007 జూన్ 29న జీపీఎల్ మూడో వెర్షన్ తెచ్చారు. ఇంటి వాడకానికి అమ్మే వస్తువైతే మార్చిన ప్రోగ్రామును దాంట్లో నడుపుకునే సమాచారం కూడా కొన్నవాడికి ఇవ్వాలని అందులో రాశారు. లినక్స్ కెర్నల్ మాత్రం రెండో వెర్షన్‌లోనే ఉండిపోయింది. లినక్స్‌ను మొదలుపెట్టిన లీనస్ టోర్వాల్డ్స్‌కు ఆ షరతు నచ్చలేదు. ఆయన వాదన నేను శ్రద్ధగా చదివాను. ప్రోగ్రాము నాది, హార్డ్‌వేర్ ఎట్లా చేసుకోవాలో చెప్పడం నా పని కాదు అంటాడాయన. ఆయనంటే నాకు గౌరవం ఉంది. కానీ హార్డ్‌వేర్ చేసినవాడికీ ప్రోగ్రాము రాసినవాడికీ మధ్య జరిగిన ఆ మాటల్లో, పైసలు పోసి కొని ఇంట్లో పెట్టుకున్నవాడు ఎక్కడా లేడు.

సోర్స్ కోడ్ ఇవ్వమని ఆ బాక్సు చేసినవాళ్లకు మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఏ ఆపరేటర్ దగ్గరైనా పనిచేసే సెట్‌టాప్ బాక్సులు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. అప్పటికే మా కుప్ప పాతసామాను బండి ఎక్కి పోయింది.

అసలు బాధ ఆ తర్వాతది.

2019 సెప్టెంబరులో అసెంబ్లీలో ముఖ్యమంత్రి ప్రకటన చేశారు. సింగరేణి లాభాల్లో కార్మికులకు 28 శాతం వాటా, సగటున ఒక్కొక్కరికి లక్షా 899 రూపాయలు. ఆ దసరాకు బాయి పనోళ్ల ఇళ్లల్లో లక్ష రూపాయల మాట తప్ప ఇంకో మాట లేదు. బోనస్ పడకముందే సెంటినరీ కాలనీలో, యైటింక్లైన్ కాలనీలో, మా కమాన్‌పూర్‌లో ఇన్‌షర్టు వేసుకున్న పిల్లలు బ్యాగులతో దిగారు. ట్యాబ్‌లో పాఠాలు అమ్మేవాళ్లు. మా కాక ఇంటికి వాళ్లు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముందు పిల్లను కూర్చోబెట్టి మూడు లెక్కలు అడిగారు. ఎనిమిదో తరగతి పిల్లకు అవి రావు, రావని వాళ్లకు తెలుసు. పిల్ల తల దించుకున్నాక తండ్రి వైపు తిరిగారు. ముప్పై ఏళ్లు బాయిలో తట్టా చెమ్మస్ పట్టిన మనిషి, బిడ్డ ముఖం చూసి, అక్కడికక్కడే సంతకం చేశాడు. ముప్పై వేలకు పైన. ట్యాబ్ పాపదే, ఎప్పటికీ పాపదే అన్నారు. ఆ మాట నా చెవులతో విన్నాను. ఆ రోజు కాగితం తీసుకుని పూర్తిగా చదివి ఉండాల్సింది. నేను చదవలేదు. అది ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

మరుసటేడు మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న ఒక్క టీవీ ముందు ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు. ఒక్క ఫోన్ ఉంటే అది తండ్రితో డ్యూటీకి పోయేది. మా కాక బిడ్డకు మాత్రం ట్యాబ్ ఉందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. అక్టోబరులో ఒక పొద్దున స్క్రీన్ మీద ఒకటే మాట వచ్చింది. కోర్సు గడువు ముగిసింది, మళ్లీ కట్టండి. హోం బటన్ నొక్కినా అదే, స్విచాఫ్ చేసి వేసినా అదే.

కాక దాన్ని తువ్వాలలో చుట్టి షాపుకు తెచ్చాడు.

“పాఠాలు బందువెడ్తె పెట్టనీరా. టీ-శాట్ల సర్కారు పాఠాలు వస్తున్నయట, గవ్వి సూస్తది. గింత అద్దం తెరుసుకోనియ్యకుంటె ఎట్ల? పైసలన్ని కట్టిన, బిల్లున్నది.”

బిల్లు నా చేతిలో పెట్టాడు. నిజమే, చివరి కిస్తు దాకా కట్టి ఉంది. మా ఊరి చుట్టుపక్కల నుంచి నెల తిరిగేసరికి అట్లాంటివి ఏడు వచ్చాయి. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. బిల్లు చూడందే ఎవరి తాళం మీదా చెయ్యి వెయ్యను. దొంగిలించిన ఫోన్లు, కిస్తులు ఆపేసిన ఫోన్లు తెచ్చి పైసలిస్తామన్నవాళ్లను చాలామందిని తిప్పి పంపాను. దొంగ చేతిలో ఫోన్ పనికిరాకుండా చేసే తాళం మంచిదే. పోగొట్టుకున్నవాడికి అది అండ. ఈ ఏడింటికీ బిల్లులున్నాయి.

రాత్రి షట్టర్ సగం దించి పనిచేసేవాణ్ణి. వాల్యూమ్ బటన్, పవర్ బటన్ కలిపి నొక్కితే రికవరీ రావాలి, దాన్నీ మూసేశారు. సెట్టింగుల్లోకి పోయే దారే లేదు కాబట్టి అన్‌లాక్‌కు అనుమతి ఇచ్చే మీట నొక్కేదెట్లా? కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్ నుంచి ఆజ్ఞ ఇస్తే, అనుమతి లేదు అని ఒకే జవాబు. కస్టమర్ కేర్‌కు ఏడుగురి తరఫునా ఫోన్ చేశాను. కోర్సు రెన్యువల్ చేస్తే తెరుచుకుంటుంది, లేకపోతే పాలసీ ఒప్పుకోదన్నారు. పాఠాలు వద్దు, ఖాళీ ట్యాబ్ ఇవ్వండి చాలు అన్నాను. ఆ మాట అవతలి అమ్మాయికి అర్థమైంది. గొంతు తగ్గించి, మా చేతుల్లో లేదు సార్ అంది. ఆమె మీద నాకు కోపం లేదు.

బాపు అప్పటికి రిటైరై ఎనిమిదేళ్లు. దగ్గు ఎక్కువైంది, చెవులు సరిగా వినపడవు. సాయంత్రాలు షాపులో నా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఒక రాత్రి ట్యాబ్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. స్క్రూ ఎక్కడుందో వెతికాడు. ఏం చేస్తున్నావని అడిగితే, తాళం తీయాలని చూస్తున్నానని గట్టిగా చెప్పాను.

“తాళం ఉంటె ఉండనీ తియ్. దీని ల్యాంప్‌రూం ఏడున్నది? ఆడికి పోయి ఇప్పిచ్చుకరా.”

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. ఏళ్ల తరబడి చదివిన లైసెన్సుల్లో నేను వెతుకుతున్న ప్రశ్న అదే. దీపానికి తాళం ఉంది, ఆ తాళం వల్ల బాపు ప్రాణమూ నిలిచింది. దాన్ని తీసే అయస్కాంతం బాయి మీదనే, తన ముఖం తెలిసిన మనిషి దగ్గర ఉంది. ఎందుకు వేశారో పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా చెప్పగలిగేంత తేటగా ఉంది. ఈ ట్యాబ్ తాళంచెవి ఏ ఊళ్లో ఏ కంప్యూటర్‌లో ఉందో నాకు తెలియదు. అక్కడికి కాక పోలేడు. పోయినా ఆయన ముందట దాన్ని విప్పరు. లోపల పేలే గ్యాసేమీ లేదు.

2021 మొదట్లో దారి ఒకటి దొరికింది. ఏడింటిలో రెండు పాత మోడల్. వాటి చిప్పు మొట్టమొదట చదివే కోడ్‌లోనే ఒక లోపం ఉందని ఎవరెవరో కనిపెట్టి, సాధనం రాసి, అందరికీ పంచారు. కేబుల్ పెట్టే క్షణంలో బటన్ నొక్కి పట్టుకోవాలి, తప్పితే మళ్లీ మొదటికి. నలభై యాభై సార్లకు ఒకటి లొంగింది. అది కాక బిడ్డదే. శుభ్రమైన ఆండ్రాయిడ్ ఎక్కించి, టీ-శాట్ యాప్ పెట్టి, తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చాను. పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని, “అన్నా, ఇగ బందు గాదు గదా?” అంది. కాదన్నాను. రెండోది గుండారం నుంచి వచ్చిన బాబుది, అదీ లేచింది.

సంతోషపడ్డాను, కానీ మనసు కుదుటపడలేదు. చిప్పు చేసినవాళ్లు ఎక్కడో పొరపాటు చేశారు కాబట్టి ఆ ఇద్దరు పిల్లల వస్తువు వాళ్లదైంది. మిగతా అయిదు కొత్త మోడల్, వాటిలో ఆ పొరపాటును పూడ్చేశారు. కొన్న వస్తువు మీద హక్కు, దాని లోపల ఎక్కడైనా కన్నం దొరుకుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడటం తప్పు. సొంతింట్లోకి కిటికీ గుండా దిగాల్సి వచ్చినట్టు ఉంటుంది నాకు.

తర్వాత ఢిల్లీలో కొన్ని కదలికలు వచ్చాయి. 2022 అక్టోబరు 20న కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్‌ను వేరేగా మార్చి ఫోన్లు చేసుకోనివ్వకుండా తయారీదార్లతో పెట్టుకున్న ఒప్పందాలు కూడా ఆ ఉత్తర్వులో తప్పుపట్టినవాటిలో ఉన్నాయి. నేను ఆ భాగం రెండుసార్లు చదివాను. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నదీ లినక్సే. అందరిదీ అయిన ఆ కోడ్ చుట్టూ కంపెనీల మధ్య కూడా కంచెలు ఎట్లా పడతాయో ఒక అధికార కాగితం మీద చూడటం నాకు అదే మొదలు. అదే ఏడాది డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు ట్యాబ్‌లు, ఇంటి సామాన్లు, బండ్లు దాని పరిధిలోకి వచ్చాయి. మంచి పని. పగిలిన స్క్రీన్, ఉబ్బిన బ్యాటరీ దాని వల్ల ఏదో ఒకరోజు చవకగా మారొచ్చు. నా దగ్గరున్న అయిదింటికి స్క్రీన్లు పగల్లేదు, బ్యాటరీలు ఉబ్బలేదు. వాటికి కావాల్సింది పూర్తిగా కొన్నవాడికి తాళంచెవి ఇవ్వాలనే ఒక్క వాక్యం. దాని కోసం ఆ శాఖకు రెండు ఉత్తరాలు రాశాను, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఇంకా రాస్తాను.

ఆ అయిదూ ఇప్పటికీ షాపులో రేకు పెట్టెలో ఉన్నాయి. తీసుకుపొమ్మంటే ఎవరూ తీసుకుపోలేదు. ఉండనీ అన్నా, ఎప్పుడన్న దారి దొరుకుతదేమో అంటారు. ఒక్కోదాని వెనక మెడికల్ ప్లాస్టర్ ముక్క అతికించి పిల్ల పేరు, తరగతి, ఊరు రాసి పెట్టాను. రాసిన తరగతులు పాతబడ్డాయి. అప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్లవాడు ఇప్పుడు ఇంటర్ దాటాడు. మొన్న జిరాక్స్‌కు వచ్చి పెట్టె వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోకుండా రెండు నెలలకోసారి ఆదివారం వాటిని బయటికి తీసి వరుసగా ఛార్జింగ్‌కు పెడతాను. బాపు స్టూలు మీద కూర్చుని చూస్తుంటాడు. పోయిన ఆదివారం పెడితే నాలుగు వెలిగాయి. అయిదోదానికి కేబుల్ మార్చి, సాయంత్రం దాకా ఉంచాను.